అతుకుల బొంత కుట్టేవాళ్ళకి పెద్ద ఇస్త్రీ బల్ల: ఇంట్లోనే ఎలా చేసుకోవాలి

బొంత కుట్టడమంటే సగం ఇస్త్రీ పనే. ముక్కలు కోసే ముందు గుడ్డ సాపు చేయాలి. రెండు ముక్కలు కలిపాక కుట్టును ఒక పక్కకి పడుకోబెట్టాలి. ముక్కలన్నీ కలిసి ఒక చదరం, అంటే గడి, పూర్తయ్యాక మళ్ళీ ఒకసారి పెట్టె ఆనించాలి. గడులన్నీ కలిసి పై పొర తయారయ్యాక దాన్నంతా, అడుగున వేసే చీరనంతా ముడత లేకుండా చేసుకోవాలి. మిషన్ ముందు ఎంతసేపు కూర్చుంటామో ఇస్త్రీ దగ్గర ఇంచుమించు అంతసేపు నిలబడతాం. అయినా మిషన్ కొనేటప్పుడు పది షాపులు తిరిగినవాళ్ళం ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అనుకుంటాం.

బజారులో దొరికే మడత బల్ల చొక్కాల కోసం తయారైనది. వెడల్పు 12 నుంచి 15 అంగుళాలు ఉంటుంది, ఒక కొస సన్నగా కోసుగా ఉంటుంది. చొక్కా భుజం, లంగా నడుము తొడగడానికి ఆ కోసు బాగా పనికొస్తుంది. బొంత పనికి అదే అడ్డం. గడి అంచు బల్ల దాటి కిందికి వేలాడుతుంది, ఆ బరువుకి గుడ్డ సాగుతుంది. పై పొర మొత్తం ఇస్త్రీ చేయబోతే ఇటు సాపు చేసింది అటు జారి నేల మీద మళ్ళీ ముడత పడుతుంది.

మా సందు చివర వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. ఒకరోజు చీరలు తెచ్చుకోవడానికి వెళ్ళి, బండి మీద ఏమేం పరిచారో చూపించమని అడిగాను. బాబాయి తెల్లగుడ్డ అంచు ఎత్తి చూపించాడు. అడుగున వెడల్పాటి చెక్క, ఏ మూలా కోసు లేదు. దాని మీద నాలుగు మడతలేసిన పాత రగ్గు. ఏళ్ళ తరబడి ఆరేడు కిలోల బొగ్గుల పెట్టె కింద నలిగి అది అట్టలా అణిగిపోయింది. ఆ పైన ఉతికిన పంచె. వేలితో నొక్కి చూశాను, దాదాపు దిగలేదు. "కింద మెత్తగా ఉంటే మడత నిలవదమ్మా" అన్నాడు. నేను అప్పటికి రెండేళ్ళుగా మెత్తగా ఉండాలనే అనుకుంటూ, మడత బల్ల మీద అర అంగుళం స్పాంజి వేసుకుని ఇస్త్రీ చేస్తున్నాను. నా గడుల అంచులు ఎందుకు అలలు తేలుతున్నాయో అక్కడ నిలబడి ఉండగా అర్థమైంది. పెట్టె బరువుకి స్పాంజి గుంట పడుతుంది, గుడ్డ ఆ గుంటలోకి సాగుతుంది, పెట్టె తీసేశాక ఆ సాగుడు అలాగే ఉండిపోతుంది.

కాబట్టి మీరు చేసుకోబోయే బల్లకి రెండు గుణాలు ఉండాలి. వెడల్పుగా ఉండాలి, గట్టిగా ఉండాలి.

సైజు ఎంత?

నా సలహా 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. ఈ 2 అడుగుల లెక్క ఊరికే చెప్పడం లేదు. మనం కొనే కాటన్ గుడ్డ పన్నా ఎక్కువగా 44 అంగుళాలు. మధ్యకి మడిస్తే 22. బల్ల 24 అంగుళాలుంటే మడత, అంచు రెండూ బల్ల మీదే ఉండి అటూ ఇటూ అంగుళం మిగులుతుంది. చీర పన్నా ఇంకాస్త ఎక్కువ, అయినా మధ్యకి మడిస్తే దీనిమీద సరిపోతుంది. ఐదున్నర మీటర్ల చీర దాదాపు 18 అడుగులు. ఐదడుగుల బల్ల మీద నాలుగుసార్లు జరిపితే అయిపోతుంది. అదే సన్నబల్ల మీదైతే చీరని నాలుగు మడతలు వేసి, ఒక్కో మడత గీత మళ్ళీ చెరుపుకుంటూ కూర్చోవాలి.

గదిలో చోటు తక్కువైతే పొడవు 4 అడుగులకి తగ్గించుకోండి. వెడల్పు మాత్రం తగ్గించకండి.

చెక్క

12 ఎంఎం ప్లైవుడ్ తీసుకోండి. 5×2 అడుగుల ముక్క సుమారు 7 కిలోలు తూగుతుంది, ఒక్కరే ఎత్తి గోడకి చేర్చుకోవచ్చు. 18 ఎంఎం అయితే 11 కిలోల దాకా వెళ్తుంది. అది టేబుల్ మీద శాశ్వతంగా ఉంచేసేవాళ్ళకి మంచిదే కానీ రోజూ తీసి పెట్టేవాళ్ళకి నడుం నొప్పి.

ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఎంఆర్ అని ఒక రకం, బీడబ్ల్యూఆర్ అని ఒక రకం వస్తాయి. ఎంఆర్ మామూలు తేమ తట్టుకుంటుంది. బీడబ్ల్యూఆర్‌లో వాడే జిగురు నీటిని బాగా తట్టుకుంటుంది. స్టీమ్ పెట్టె వాడేవాళ్ళు, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసేవాళ్ళు బీడబ్ల్యూఆర్ అడగండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు. చవకని తీసుకుంటే ఆవిరి పీల్చుకుని అంచుల దగ్గర బిస్కెట్‌లా ఉబ్బుతాయి.

ఫుల్ షీట్ 8×4 అడుగులు ఉంటుంది. కట్ పీసులున్నాయేమో ముందు అడగండి, చాలా షాపుల్లో ఉంటాయి. ఫుల్ షీటే కొనాల్సి వస్తే ఇంకో కుట్టుపని స్నేహితురాలిని కలుపుకోండి. షీటుని పొడుగునా మధ్యకి కోయిస్తే 8×2 పట్టీలు రెండొస్తాయి. ఒక్కో దాంట్లో 5 అడుగులు బల్లకి, మిగిలిన 3 అడుగుల ముక్క చిన్న బల్లకి. చెరి రెండు బల్లలు. కోత షాపులోనే మిషన్ మీద కోయించండి, చేత్తో కోస్తే అంత నిటారుగా రాదు.

డబ్బులిచ్చే ముందు ముక్కని అంచు మీద నిలబెట్టి ఒక కన్ను మూసి పొడుగునా చూడండి. విల్లులా వంగి ఉంటే మార్చమనండి. ఆ వంపు తర్వాత మేకులతో, బరువులతో పోదు.

ఇంటికి తెచ్చాక గరుకు కాగితంతో అంచులన్నీ రుద్దండి. నాలుగు మూలలు రూపాయి బిళ్ళ గుండ్రంలో కొద్దిగా అరగదీయండి. మూల వాడిగా ఉంటే పై గుడ్డ ముందు అక్కడే చిరుగుతుంది. తడిగుడ్డతో పొట్టంతా తుడిచి ఎండలో ఆరనివ్వండి. మే నెల ఎండలో వద్దు, నీడ పడ్డాక పెట్టండి.

లోపలి పొరలు

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, నెమ్మదిగా చదవండి.

కాటన్ ఇస్త్రీ వేడి 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. పాలిస్టర్ ఆ వేడికి మెత్తబడుతుంది, ఇంకొంచెం పెరిగితే కరుగుతుంది. అందుకని స్పాంజి, పాలిస్టర్ దూది, టెరికాట్ దుప్పటి, వెల్వెట్‌లా మెరిసే కంబళ్ళు ఏవీ లోపల పెట్టకూడదు. నూలు గాని, ఉన్ని గాని అయ్యుండాలి. ప్యూర్ కాటన్ అని చెప్పి ఇచ్చిన దుప్పటి ఒకటి వేసి నేను మోసపోయాను. వారం తిరక్కుండా పెట్టె అడుగున జిగురులాంటి పొర అంటుకుంది, గోధుమరంగు చారలు తెల్ల గుడ్డకి ఎక్కాయి.

ఆ తర్వాత నుంచి ఏ గుడ్డనీ మాట మీద నమ్మడం లేదు, పోగు కాల్చి చూస్తున్నాను. మీరూ చూడండి. దుప్పటి అంచు నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డ పోగు ఒకటి లాగండి, రెండూ వేర్వేరుగా ఉండొచ్చు. సింకు దగ్గర నిలబడి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి కొసన నల్లటి గట్టి పూస మిగులుతుంది. పూస కనిపించిందా, ఆ గుడ్డ బల్లకి పనికిరాదు. మన ఇళ్ళల్లో ఉండే పాత రగ్గులకి ఈ పరీక్ష తప్పనిసరి. చూడటానికి ఉన్నిలా ఉన్నా చాలావాటిలో వేరే పోగు కలిసి ఉంటుంది.

నాకు బాగా కుదిరిన అమరిక ఇది. అడుగున ఒక్క పొర నిజమైన ఉన్ని రగ్గు, దాని మీద నాలుగు పొరలు పాత నూలు దుప్పటి. రగ్గు దొరక్కపోతే ఎనిమిది పొరల దుప్పటి చాలు. 90×100 అంగుళాల డబుల్ కాట్ దుప్పట్లో 60×24 ముక్కలు నాలుగు వస్తాయి. పదేళ్ళు ఉతికి ఉతికి మెత్తబడ్డ దుప్పటి కొత్తదానికన్నా మేలు, ఇక కుంచించుకుపోదు, రంగు దిగదు. అన్ని పొరలూ కలిపి బొటనవేలితో గట్టిగా నొక్కితే పావు అంగుళం కన్నా దిగకూడదు.

దుప్పటి అంచు మడత కుట్టు ఏ ముక్కలోనూ రానివ్వకండి. మధ్యలో అతుకు కుట్టు కూడా వద్దు. లోపల ఒక్క కుట్టు ఉన్నా మీరు పైన ఇస్త్రీ చేసే ప్రతి గడి మీదా దాని గీత పడుతుంది. ఒక్కో పొర పరిచి అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమురుతూ ముడత తీయండి, ఆ తర్వాతే పైది పరవండి.

జంపఖానా వాడొచ్చా అని అడుగుతారు. గట్టిగా ఉంటుంది నిజమే, కానీ నేత గరుకు పైకి అచ్చు పడుతుంది, ఎర్ర నీలం చారల రంగు ఆవిరికి దిగుతుంది. వాడితే అన్నిటికన్నా కింద వేయండి.

వేడి వెనక్కి కొడుతుందని కొందరు అల్యూమినియం ఫాయిల్ పరుస్తారు. ఆవిరి లేకుండా ఇస్త్రీ చేసేవాళ్ళకి ఫర్వాలేదు. స్టీమ్ వాడితే తడి కిందికి పోక పొరల్లోనే నిలిచి ముక్కిన వాసన వస్తుంది. నేను వేయలేదు.

పై గుడ్డ

దళసరి తెల్ల కాటన్ గానీ కోరా గుడ్డ గానీ 2 మీటర్లు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకోండి, పోగు కాల్చి చూడటానికి అంచు పీలిక ఒకటి అడగండి. రంగు గుడ్డ వద్దనడానికి కారణం ఉంది. మన బొంతల్లో పెడన కలంకారీ ముక్కలు, మంగళగిరి డ్రెస్ మెటీరియల్ కత్తిరింపులు తప్పకుండా ఉంటాయి. ముదురు ఎరుపు, నీలం తడి తగిలితే కొద్దో గొప్పో దిగుతాయి. బల్ల తెల్లగా ఉంటే ఏ ముక్క రంగు వదులుతోందో వెంటనే కనబడుతుంది, పక్కన తీసిపెట్టుకోవచ్చు. బల్లే రంగుదైతే మీ తెల్ల గడికి రంగు ఎక్కడ అంటిందో తెలియదు.

ఆ గుడ్డని వేడినీళ్ళలో రెండుసార్లు ఉతకండి. కొత్త గుడ్డలోని గంజి పోవాలి, లేకపోతే మాడి పెట్టెకి అంటుకుంటుంది. కుంచించుకుపోయేదేదో ఇప్పుడే పోవాలి. ఆరాక 68×32 అంగుళాలకి కోయండి. బల్ల కొలతకి ప్రతి వైపూ 4 అంగుళాలు ఎక్కువన్నమాట.

బల్ల మీద గీతలుంటే గడి కోణం సరిచూసుకోవడం సులువు. కానీ బాల్‌పెన్ గీత తెల్లగుడ్డకి అంటుకుంటుంది, వేడికి చెరిగిపోయే పెన్నుతో గీస్తే మొదటి ఇస్త్రీకే మాయమవుతుంది. మా అమ్మ చేతిరుమాళ్ళు కుట్టేటప్పుడు చేసినట్టు పోగు లాగండి. గుడ్డని వెలుతురు వైపు పెట్టి, ఒక్క పోగుని సూది మొనతో పైకి లేపి, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాలి. గుడ్డ ఆ పోగు వెంట కుచ్చులా ముడుచుకుంటుంది. కుచ్చుని వేళ్ళతో అవతలికి తోస్తూ ఉంటే పోగు మొత్తం బయటికి వస్తుంది. తెగితే తెగిన చోట మళ్ళీ అందుకోండి. పోగు పోయిన చోట సన్నటి గీత పడుతుంది. స్కేలుతో గీసినదానికన్నా నిటారు, ఎందుకంటే అది నేతలోని పోగు దారే. పొడుగునా మధ్యలో ఒకటి, అడ్డంగా 12 అంగుళాలకొకటి తీస్తే చాలు. ఇంక ఏ ఉతుకుకీ అది పోదు.

బిగించడం

నేల మీద పాత చాప వేసి పై గుడ్డని తిరగేసి పరవండి. దాని మీద పొరలు, అన్నిటికన్నా పైన చెక్క. సోఫా పని చేసేవాళ్ళ దగ్గరుండే స్టేప్లర్ గన్ కావాలి, పిన్నులు 8 ఎంఎం. 12 ఎంఎం చెక్కకి అంతకన్నా పొడుగువి అక్కర్లేదు.

ముందు పొడుగు వైపు సరిగ్గా మధ్యలో ఒక పిన్ను. ఎదుటి వైపు మధ్యలో గుడ్డని లాగిపట్టి ఇంకొకటి. తర్వాత రెండు పొట్టి వైపుల మధ్యలో చెరొకటి. ఇప్పుడు బల్లని నిలబెట్టి ముందువైపు చూడండి. లాగిన పోగు గీత అంచుకి సమాంతరంగా ఉందా? లేకపోతే ఈ నాలుగు పిన్నులే కదా, పీకేసి సరిచేయండి. బాగుంటే మధ్య నుంచి మూలలకి వెళ్తూ 2 అంగుళాలకొకటి చొప్పున, ఇటు రెండు కొడితే అటు రెండు కొట్టండి. ఒక వైపంతా కొట్టేసి రెండో వైపుకి వెళ్తే గుడ్డ ఏటవాలు అవుతుంది. మరీ బిర్రుగా లాగకండి, అంచు దగ్గర పొరలు నలిగి పల్చబడతాయి.

మూలల దగ్గర 3 అంగుళాలు వదిలేసి, చివర్లో పుస్తకానికి అట్ట వేసినట్టు మడిచి కొట్టండి. మడత లావైతే లోపలి పొరల కొసల్ని కత్తెరతో కొద్దిగా తీసేయండి. పైకి తేలిన పిన్నులన్నీ సుత్తితో కొట్టి దించండి. అడుగున ఒక పిన్ను తేలి ఉన్నా డైనింగ్ టేబుల్ మీద గీత పడుతుంది.

దీని మీద ఉతుక్కోడానికి వీలుగా ఇంకో తొడుగు చేసుకుంటే మంచిది. అంతే సైజు గుడ్డ, చుట్టూ అంగుళం మడిచి కుట్టి, లంగాకి ఎక్కించినట్టు పిన్నీసుతో బొందు ఎక్కించండి. బల్ల మీద వేసి అడుగున లాగి ముడి వేస్తే అదే నిలుస్తుంది. నెలకోసారి విప్పి ఉతుకుతాను.

ఎక్కడ పెట్టాలి?

డైనింగ్ టేబుల్ అన్నిటికన్నా నయం. కింద ఒక దుప్పటి పరిచి పెట్టండి, జారదు. గాజు టేబుల్ మీద మాత్రం వద్దు. ఎత్తు సరిపోయిందా లేదా చూసుకోడానికి నిలబడి మోచేయి మడవండి. బల్ల పైభాగం మోచేతికి 4 నుంచి 6 అంగుళాలు కింద ఉండాలి. టేబుల్ సాధారణంగా 30 అంగుళాలే, పొడుగు మనుషులకి వంగాల్సి వస్తుంది. టేబుల్ కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించుకోండి. గంటల పని కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పాత మడత బల్ల మీదే కూర్చోబెట్టాలనుకుంటే అడుగున రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, కావాలి. మడత బల్ల వెడల్పు దాని తొడుగుతో సహా కొలవండి. ఆ కొలతకి పావు అంగుళం కలిపి, అంత ఎడంగా 3 అడుగుల రీపర్లు రెండు పొడుగునా బిగించండి, వెడల్పాటి కొస దగ్గర అడ్డంగా ఒకటి. రీపర్ అంగుళం మందం, చెక్క 12 ఎంఎం, రెండూ కలిపి 37 ఎంఎం. స్క్రూ అంగుళం పావు దాటితే పైకి పొడుచుకొస్తుంది, ఆ మొన గుడ్డలోంచి చేతికి తగులుతుంది. ఈ రీపర్ల పని గుడ్డ బిగించకముందే చేసుకోవాలి. అప్పుడే చెక్క మీద చెయ్యి పెట్టి ఎక్కడైనా మొన తగులుతోందేమో చూసుకోవచ్చు. ఇలా పెట్టిన బల్ల ఒక కొస మీద భారం వేస్తే తూలుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పద్ధతి వద్దనే చెబుతాను.

కరెంటు సంగతి కూడా చూడండి. 1000 వాట్ల పెట్టె నాలుగున్నర ఆంప్స్ లోపే లాగుతుంది, మామూలు 6 ఆంప్స్ ప్లగ్గు సరిపోతుంది. 2000 వాట్ల స్టీమ్ పెట్టె తొమ్మిది దాకా లాగుతుంది. దానికి గీజరుకి వాడే 16 ఆంప్స్ ప్లగ్గు ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద గంటసేపు నడిపితే వైరు వేడెక్కుతుంది.

పెద్ద బల్ల మీద చేయి తిరగడం

బల్ల వచ్చాక అలవాటు కూడా కొంచెం మారాలి. చొక్కాకి రుద్దినట్టు గడిని రుద్దకూడదు. పెట్టెని పైనుంచి ఆనించి, మూడు నాలుగు క్షణాలు ఉంచి, ఎత్తి, పక్కన ఆనించాలి. ముఖ్యంగా క్రాస్‌లో కోసిన ముక్కలు తోస్తే చాలు సాగుతాయి. క్రాస్ కట్ జాకెట్ ఎలా సాగుతుందో మీకు తెలుసుగా, అదే గుణం. కుట్టిన వెంటనే ముందు మూసి ఉన్నప్పుడే కుట్టు మీద పెట్టె ఆనించండి, దారం గుడ్డలోకి కూర్చుంటుంది. తర్వాత విప్పి, కుట్టుని ముదురు రంగు వైపు పడుకోబెట్టండి. లేతరంగు వైపు పడితే పైకి నీడలా కనిపిస్తుంది. వేడి గడిని చప్పున ఎత్తకండి, చల్లారేదాకా బల్ల మీదే ఉండనివ్వండి. వెడల్పు ఉంది కాబట్టి ఒకటి చల్లారుతుండగా పక్కనే ఇంకోటి చేసుకోవచ్చు.

పని అయ్యాక బల్లని వెంటనే గోడకి చేర్చకండి. లోపల తేమ ఉంటుంది, ఒక గంట ఫ్యాను కింద ఆరాలి. ఆ తర్వాత పొడుగు అంచు నేలకి ఆనేలా నిటారుగా నిలబెట్టండి. ఏటవాలుగా చేరేస్తే కొన్నాళ్ళకి చెక్క వంగుతుంది. వానాకాలంలో మా వైపు గోడలు చెమ్మ పడతాయి, అందుకని బీరువాకీ మంచానికీ మధ్య సందులో పెడతాను.

మిగిలిన 3×2 ముక్క ఉంది కదా, దానికీ ఇలాగే పొరలు వేసి మిషన్ కుడిపక్కన స్టూలు మీద పెట్టుకోండి. రెండేసి ముక్కలు కలిపిన ప్రతిసారీ లేవకుండా కూర్చున్న చోటే కుట్టు పడుకోబెట్టుకోవచ్చు.